నడుముకు లోపలి దట్టీ: పిలాటీస్ వ్యాయామం, దాని సూత్రాలు, ప్రయోజనాలు

బజారులో బియ్యం బస్తా ఎత్తబోయే హమాలీని గమనించండి. బస్తా మీద చెయ్యి వేయక ముందే అతడు తలకున్న తువ్వాలు తీసి నడుముకు దట్టీలా బిగించుకుంటాడు. బస్తాను మోసేది భుజమే అయినా, భారం దిగేది నడుములోకేనని అతడికి ఒకరు చెప్పనక్కరలేదు. అలాంటి దట్టీ ఒకటి మన అందరి శరీరంలోనూ పుట్టుకతోనే ఉంది. పొట్ట చుట్టూ, వెన్ను పక్కన, కటి అడుగున అల్లుకుని ఉన్న లోపలి కండరాలే ఆ దట్టీ. వాడుక లేక అది వదులైపోయినప్పుడు నడుము నొప్పి మొదలవడానికి దారి ఏర్పడుతుంది. ఆ దట్టీని మళ్ళీ బిగించుకోవడం నేర్పే విద్యే పిలాటీస్.

మేము బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. మా వృత్తిలో రోజుకు అయిదారు గంటలు నిలబడాలి, మిగిలిన సమయం వంగి కూర్చుని నోటు పుస్తకాలు దిద్దాలి. ఈ సంచిక చదివేవారిలో దుకాణం గల్లా దగ్గర ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చునేవారు ఉన్నారు. కుట్టు మిషన్ మీద వంగి బట్టలు కుట్టేవారు, మగ్గం పని చేసే స్త్రీలు, లారీ, ఆటో నడిపేవారు, కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. పనులు వేరైనా నడుము ఒక్కటే. కూలి మీద బతికే ఇంట్లో సంపాదించే మనిషి నడుము పట్టేస్తే, ఆ రోజుతో ఆదాయం ఆగిపోతుంది. ఇంటిని నడిపే తల్లి వంగలేకపోతే బడికి వెళ్ళాల్సిన ఆడపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. అందుకే ఈ విషయం గురించి నాలుగు మాటలు వివరంగా చెప్పదలచుకున్నాం.

ఈ పేరు ఎక్కడిది?

పిలాటీస్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ హ్యూబర్టస్ పిలాటీస్ 1883లో జర్మనీలోని మోన్‌చెన్‌గ్లాడ్‌బాక్ పట్టణంలో పుట్టారు. చిన్నతనంలో ఆయన ఉబ్బసంతోను, ఎముకలు మెత్తబడే రికెట్స్ వ్యాధితోను బాధపడ్డారని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు. ఆ బలహీనతను జయించాలన్న పట్టుదలతో ఆయన రకరకాల వ్యాయామాలు నేర్చుకున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆయన ఇంగ్లండులో ఉన్నారు. జర్మనీ దేశస్థుడు కావడం వల్ల ఆయనను నిర్బంధ శిబిరంలో ఉంచారు. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలోని ఆ శిబిరంలో ఆయన తోటివారికి వ్యాయామం నేర్పారు. మంచం దిగలేని రోగుల కోసం ఆస్పత్రి మంచాలకు స్ప్రింగులు తగిలించి, పడుకునే చేతులు కాళ్ళు కదిలించే ఏర్పాటు చేశారని చెబుతారు. నేటి పిలాటీస్ కేంద్రాల్లో కనిపించే స్ప్రింగుల బల్లలకు మూలం అదేనంటారు.

1926లో ఆయన అమెరికా చేరుకుని, క్లారా అనే సహచరితో కలిసి న్యూయార్క్ నగరంలో ఒక శిక్షణాలయం నెలకొల్పారు. నాట్యం చేసేవారికి కాలు బెణకడం, నడుము పట్టడం మామూలే. అలా దెబ్బతిన్న నర్తకులు ఆయన దగ్గరకు రావడం మొదలైంది. జార్జ్ బాలన్‌చిన్, మార్తా గ్రాహం వంటి ప్రఖ్యాత నాట్యాచార్యులు తమ శిష్యులను ఆయన వద్దకు పంపేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు 'కంట్రాలజీ', అంటే అదుపును నేర్పే శాస్త్రం. 1945లో విలియం జాన్ మిల్లర్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆయన నేల మీద పరుపు వేసుకుని చేయదగిన 34 వ్యాయామాలు వివరించారు. 1967లో 83 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆ తరువాత శిష్యులు ఆ విద్యకు గురువు పేరునే నిలిపారు.

లోపలి దట్టీలో ఏమున్నాయి?

పొట్ట అనగానే మనకు పైకి కనిపించే కండలే గుర్తుకు వస్తాయి. వాటి అడుగున, వెన్ను నుంచి బయలుదేరి పొట్టను అడ్డంగా చుట్టుకునే లోతైన కండరం ఒకటుంది. హమాలీ తువ్వాలుతో పోల్చదగినది అదే. వెనుక భాగంలో ఒక వెన్నుపూసను మరొక వెన్నుపూసతో కట్టిపడేసే చిన్న చిన్న కండరాలు ఉన్నాయి. పైన, ఊపిరికి ఆధారమైన డయాఫ్రం గొడుగులా కప్పు వేస్తుంది. అడుగున మూత్రాశయం, గర్భాశయం వంటి అవయవాలను మోసే కటి కండరాలు ఉయ్యాలలా పరుచుకుని ఉంటాయి. ఈ నాలుగూ కలిస్తే పైకప్పు, నేల, గోడలు ఉన్న ఒక గది అవుతుంది. ఆ గది గట్టిగా ఉంటే దాని మధ్య నిలిచే వెన్నుకు ఆసరా దొరుకుతుంది.

దీర్ఘకాలం నడుము నొప్పితో బాధపడే చాలామందిలో వెన్నును పట్టి ఉంచే చిన్న కండరాలు బలహీనపడి ఉంటాయి. నొప్పి వల్ల మనిషి కదలడు, కదలకపోవడం వల్ల కండరం ఇంకా సన్నబడుతుంది, దానివల్ల నొప్పి ఎక్కువవుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. మాత్ర నొప్పిని కొంతసేపు అణచగలదు గాని కండరానికి బలం ఇవ్వలేదు. ఆ పని కదలికే చేయాలి.

ఆరు సూత్రాలు

పిలాటీస్ బోధకులు సాధారణంగా ఆరు సూత్రాలు చెబుతారు. వీటిని జోసెఫ్ పిలాటీస్ స్వయంగా జాబితాగా రాయలేదు. 1980లో ఫిలిప్ ఫ్రీడ్‌మన్, గెయిల్ ఐసెన్ అనే రచయితలు ఆయన బోధనల సారాన్ని తీసి, తమ పుస్తకంలో ఇలా వరుసగా పేర్చారు.

ఒకటి, ఏకాగ్రత. చెయ్యి ఎత్తుతున్నప్పుడు మనసు కూడా ఆ చేతిలోనే ఉండాలి. టీవీ చూస్తూ, ఫోను మాట్లాడుతూ చేసేది ఈ వ్యాయామం కాదు.

రెండు, అదుపు. బావిలోకి చేద దించేటప్పుడు తాడు వదిలేస్తే చేద దబ్బున పడుతుంది. తాడును పట్టు తప్పకుండా కొంచెం కొంచెం వదులుతాం. కాలు ఎత్తినప్పుడూ అంతే. ఎత్తడంలోనే కాదు, నెమ్మదిగా దించడంలోనూ కండరానికి పని ఉంటుంది.

మూడు, కేంద్రం. ప్రతి కదలికా పొట్ట, నడుము ప్రాంతం నుంచే మొదలుకావాలి. కుమ్మరి సారె మీద మట్టిముద్ద నడిమధ్యన కుదిరితేనే కుండ సరిగ్గా లేస్తుంది. శరీరం సంగతీ అంతే.

నాలుగు, కచ్చితత్వం. పది పేజీలు గజిబిజిగా గీకిన విద్యార్థి కన్నా, ఒక్క పేజీ గుండ్రంగా రాసిన విద్యార్థి చేతిరాత ముందు బాగుపడుతుందని మా బడి అనుభవం. ఇక్కడా 50 సార్లు తప్పుగా చేయడం కన్నా అయిదుసార్లు సరిగా చేయడం మేలు.

అయిదు, శ్వాస. ముక్కుతో గాలి పీల్చి, పక్కటెముకలు రెండువైపులా విచ్చుకునేలా నింపుకుని, శ్రమపడే ఘట్టంలో గాలి వదలాలి. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తడం మనకు అలవాటు. ఆ అలవాటును ఈ విద్య మాన్పిస్తుంది.

ఆరు, ప్రవాహం. ఒక కదలిక ఆగి మరొకటి మొదలైనట్టు ఉండకూడదు. ఆరితేరిన దర్జీ చేతికింద బట్ట ఎక్కడా తట్టుకోకుండా సూది కిందనుంచి సాగిపోయినట్టు, ఒకదానిలోంచి ఒకటి రావాలి.

యోగాసనాలు తెలిసినవారికి కొన్ని భంగిమలు పరిచయమున్నట్టే అనిపిస్తాయి. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే పిలాటీస్ వ్యాయామం మన సేతుబంధాసనానికి దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే, ఆసనంలో సాధారణంగా ఒక స్థితిలో నిలుస్తాం. పిలాటీస్‌లో ఆ స్థితిలోకి రావడం, వెళ్ళడం మీదనే దృష్టి ఉంటుంది. రెండింటిలో ఏది గొప్ప అన్న వాదం అనవసరం. ఎవరికి ఏది కుదిరి, మానకుండా సాగుతుందో అదే వారికి మంచిది.

శరీరానికి మేలు

పిలాటీస్ గురించి ఎక్కువగా పరిశోధన జరిగింది నడుము నొప్పి విషయంలోనే. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి నిగ్గు తేల్చే కోక్రేన్ సంస్థ 2015లో ఒక సమీక్ష వెలువరించింది. 510 మంది పాల్గొన్న 10 పరిశోధనలను అందులో పరిశీలించారు. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిలో, పెద్దగా ఏ చికిత్సా తీసుకోనివారికన్నా పిలాటీస్ చేసినవారికి నొప్పి తగ్గి, పనులు చేసుకునే శక్తి పెరిగిందని తేలింది. అయితే ఇతర వ్యాయామాలకన్నా పిలాటీస్ గొప్పదని చెప్పడానికి తగిన ఆధారం లేదని కూడా ఆ సమీక్ష స్పష్టంగా చెప్పింది. దాతలు లెక్కలు చూసి నమ్మేవారు కాబట్టి, రెండు వైపులా చెప్పడం మా బాధ్యత.

రెండవ మేలు, కూర్చునే, నిలబడే తీరు. మెడ ముందుకు చాచి, భుజాలు వంచి పనిచేసేవారు నిటారుగా ఉండటమంటే ఏమిటో మరచిపోతారు. వెన్నుపూసలను ఒకదానిపై ఒకటి ఇటుకల్లా పేర్చుకోవడం ఈ వ్యాయామంలో మొదటి పాఠం.

మూడవది, పట్టు తప్పకుండా నిలబడే శక్తి. వయసు మళ్ళినవారికి ఇది ప్రాణావసరం. స్నానాల గదిలో కాలు జారి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళు ఎందరో మళ్ళీ పూర్వంలా నడవలేకపోతున్నారు. ఒక్క పతనంతో కుటుంబం మొత్తం ఆస్పత్రి చుట్టూ తిరగవలసి వస్తుంది. 65 ఏళ్ళు దాటినవారు వారంలో కనీసం మూడు రోజులు, శరీరం నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో సూచించింది. పిలాటీస్ అందుకు ఒక మంచి మార్గం.

నాలుగవది, స్త్రీలు పైకి చెప్పుకోలేని ఒక బాధకు ఊరట. కాన్పుల తరువాత కటి కండరాలు వదులై, దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడటం చాలామందికి ఉంటుంది. సిగ్గుతో ఏళ్ళ తరబడి దాచుకుంటారు. కటి కండరాలను బిగించే వ్యాయామం దీనికి వైద్యులు మొదట సూచించే ఉపాయం. పిలాటీస్ బోధనలో ఆ కండరాల స్పృహ ఒక భాగం. అయితే ఆ బాధ ఉన్నవారు ముందు స్త్రీల వైద్యురాలికి చూపించుకుని, ఏ కండరాన్ని ఎలా బిగించాలో తెలుసుకోవాలి.

మనసుకు మేలు

మనసును నిలపమంటే నిలవదు. దానికి ఒక పని అప్పగిస్తే నిలుస్తుంది. అల్లరి పిల్లవాడికి నల్లబల్ల తుడిచే పని ఇస్తే తరగతి సద్దుమణగడం మాకు తెలిసిన ఉపాయమే. పిలాటీస్‌లో మనసుకు ఆ పని ఉంటుంది. ఊపిరి లెక్కపెట్టాలి, నడుము నేలకు ఆనిందో లేదో చూడాలి, కాలు వణకకుండా దించాలి. ఈ మూడింటి మధ్య అప్పుల చింతకు, మర్నాటి దిగులుకు కాసేపు చోటుండదు. నెమ్మదైన ఊపిరి గుండె దడను తగ్గిస్తుంది. ఒంట్లో బిగింపు సడలుతుంది. వీటన్నిటికీ మించి, నిన్న చేయలేనిది నేడు చేయగలిగానన్న చిన్న సంతోషం నొప్పితో కుంగిన మనిషికి ధైర్యం ఇస్తుంది.

ఇది చేయలేని పనులు

పిలాటీస్ వల్ల నెలలో పది కిలోలు తగ్గుతారని, మధుమేహం పోతుందని ఎవరైనా ప్రకటిస్తే నమ్మవద్దు. ఇది నడకకు బదులు కాదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటి వ్యాయామం, దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిలాటీస్ ఆ రెండవ కోవకు చెందుతుంది. నడక, పిలాటీస్ జోడెద్దుల్లా సాగాలి.

ఖరీదు విషయం కూడా తెలుసుకోవాలి. పెద్ద నగరాల్లో స్ప్రింగుల బల్లలతో నడిచే కేంద్రాలు ఉన్నాయి. వాటి రుసుము అందరికీ అందేది కాదు. అయితే జోసెఫ్ పిలాటీస్ పుస్తకంలోని 34 వ్యాయామాలకూ కావలసింది నేల, దాని మీద ఒక పరుపు మాత్రమే. ఇంట్లో మందపాటి దుప్పటి మడత వేసుకుంటే సరిపోతుంది. ప్రత్యేకమైన దుస్తులు అక్కరలేదు. వదులైన సల్వార్ కమీజ్‌తో, తలుపు వేసుకుని సొంత గదిలోనే చేసుకోవచ్చు. ఇల్లు దాటి వ్యాయామశాలకు వెళ్ళలేని స్త్రీలకు ఇది పెద్ద సౌలభ్యం.

నేర్పేవారిని ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. పిలాటీస్ అన్న పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని, అది యోగా, కరాటేల వంటి సాధారణ నామమేనని 2000 సంవత్సరంలో అమెరికా న్యాయస్థానం ఒకటి తీర్పు చెప్పింది. కనుక బోర్డు మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన నేర్పేవారికి విద్య ఉన్నట్టు కాదు. ఎక్కడ, ఎంతకాలం శిక్షణ పొందారో అడగాలి. నొప్పి ఉన్నవారు ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టడం ఉత్తమం.

ఇంట్లో మొదలుపెట్టడానికి అయిదు వ్యాయామాలు

మొదటిది శ్వాస. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. అరచేతులు పక్కటెముకల మీద పెట్టండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు చేతులు పక్కలకు జరగాలి. నోటితో మెల్లగా వదులుతూ బొడ్డును వెన్ను వైపు కొద్దిగా లాగండి. ఇలా ఎనిమిదిసార్లు.

రెండవది నడుము ఆనించడం. అదే స్థితిలో గాలి వదులుతూ, నడుము కింద ఉన్న ఖాళీని నేలకు మెల్లగా అదమండి. పీలుస్తూ వదులు చేయండి. ఎనిమిదిసార్లు.

మూడవది వంతెన. గాలి వదులుతూ ముందు పిరుదులు, తరువాత నడుము, ఆపై వీపు వరుసగా ఎత్తండి. పైన ఒక ఊపిరి నిలిచి, వీపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పూసనే నేలకు దించండి. ఆరుసార్లు.

నాలుగవది పక్క కాలు. ఒక పక్కకు తిరిగి నిటారుగా పడుకుని, తలను చేతి మీద ఆనించండి. పై కాలును జానెడు, రెండు జానలు ఎత్తి, ఆపి, నెమ్మదిగా దించండి. నడుము ముందుకూ వెనక్కూ ఊగకూడదు. ఒక్కొక్క పక్కకు ఎనిమిదిసార్లు.

అయిదవది చేయి, కాలు. చేతులు, మోకాళ్ళ మీద నిలిచి, కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కు చాచండి. వీపు మీద నీళ్ళ గ్లాసు ఉందనుకోండి, అది ఒలకకూడదు. తరువాత రెండవ పక్క. అయిదేసిసార్లు.

మొత్తం 15 నిమిషాల పని. కడుపు నిండా తిన్న వెంటనే చేయవద్దు. వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి. కండరం లాగినట్టు ఉండటం సహజం, పోటులాంటి నొప్పి సహజం కాదు. అలా అనిపిస్తే ఆపివేయాలి.

ఎవరు ముందుగా వైద్యుణ్ణి అడగాలి?

గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా మొదలుపెట్టరాదు. ఎముకలు గుల్లబారినవారు ముందుకు బాగా వంగే, వెన్నును గుండ్రంగా చుట్టే వ్యాయామాలు మానాలి. నడుము నొప్పితోపాటు కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇలాంటప్పుడు ఆలస్యం చేస్తే తిరిగి రాని నష్టం జరగవచ్చు.

మన ఇళ్ళలో పెద్దలకు మందుల పెట్టె ఉంటుంది, దానికి నెలనెలా డబ్బు కేటాయిస్తాం. ఒక దుప్పటి, 15 నిమిషాలు కేటాయించడం అంతకన్నా తేలిక. దుకాణం, కార్ఖానా నడిపేవారు తమ దగ్గర వంగి పనిచేసేవారిని గంటకొకసారి లేచి, నడుము నిటారు చేసుకోనిస్తే పని ఏమీ కుంటుపడదు. పనివాడి నడుము నిలిస్తే పనీ నిలుస్తుంది. ఈ రోజు రాత్రి పడుకునే ముందు మొదటి వ్యాయామం, ఆ ఎనిమిది ఊపిరులు మాత్రం చేసి చూడండి. రేపు రెండవది కలుపుకోండి. వచ్చినంత వరకు ఇంట్లో మరొకరికి, ముఖ్యంగా నొప్పిని బయటికి చెప్పని వారికి, నేర్పండి.